బావతో కోయలో మాట్లాడిన మధ్యాహ్నం

మా ఆయన ఆదివారం పొద్దున వాళ్ళన్నతో ఫోన్లో మాట్లాడేవాడు. ఖమ్మంలో మేముంటున్న కిరాయి ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, వీధిలో కూరగాయల బండి మైకును మించి వినపడేలా గట్టిగా, కోయలో. ఆయన పుట్టింది బూర్గంపాడు అవతల, అడవి అంచున ఉన్న ఒక కోయ ఊళ్ళో. నేను ముదిగొండ దగ్గర ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకున్నది తెలుగే. ఆ ఆదివారం ఫోనులో తప్ప మా ఇంట్లో కోయ వినపడేది కాదు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, అర్థం కాకపోయినా వినేదాన్ని.

ఒక ఆదివారం ఆయన ఫోను ఒక చెవికి ఆనించి, రెండో చెవిని చేత్తో పట్టుకుని, కెవి, కెవి అని చాలాసార్లు అన్నాడు. వాళ్ళన్నకు చెవిపోటు. పసర్లు పోసుకోవద్దు, భద్రాచలం పోయి దవాఖానాలో చూపించుకో అని చెబుతున్నాడని తర్వాత తెలిసింది. ఫోను పెట్టేయగానే వెళ్ళి అడిగాను.

"కెవి అంటే చెవేనా?"

"అవ్, చెవే. గదేంది, బంగారం దొరికినట్టు జూస్తున్నవ్?"

"మరి చేతినేమంటరు?"

"కయ్."

"కాలిని?"

"కాలే. ఇగ పానమంత అడుగుతవా ఏంది? పో, అన్నం పెట్టు."

చెవి, కెవి. చెయ్యి, కయ్. కాలు మాత్రం కాలే. అన్నం పెట్టాను గానీ నా ధ్యాస అక్కడే ఉండిపోయింది.

అప్పట్లో నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. పిల్లలు ఎంట్రన్సు పరీక్షల పుస్తకాలకు తప్ప వచ్చేవారు కాదు. వెనక వరసలో భాషల చరిత్ర మీద కొన్ని పుస్తకాలుండేవి. వాటిని నాకంటే ముందు ఎవరూ ఇంటికి తీసుకుపోయినట్టు లేదు. అర్థమైనంత చదివాను, కానిది మళ్ళీ చదివాను. మొదట తెలుసుకున్నది ఇది. చాలాకాలం కిందట తెలుగులో ఇ, ఎ అనే అచ్చుల ముందున్న క మెల్లగా చ అయింది. కన్నడంవాళ్ళు ఇప్పటికీ చెవిని కివి అంటారు, చెరువును కెరె అంటారు. తమిళంలో చిలుక కిళి. కోయవాళ్ళు కూడా పాత కను అట్లాగే ఉంచుకున్నారు. అ, ఒ, ఉ ల ముందున్న క జోలికి ఆ మార్పు పోలేదు. అందుకే మనకు కాలు, కన్ను, కొడుకు మిగిలాయి.

ఎందుకట్లా జరిగిందో తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. కా అని, వెంటనే కీ అని చూస్తే చాలు. రెండోసారి నాలుక తనంతట తానే కొంచెం ముందుకు జరుగుతుంది. ఆ కొంచెమే కొన్ని తరాలు నోళ్ళలో నలిగి ఇంకో అక్షరమైంది. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. చెప్పినవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు, అయినా ఊరూరా అందరి నోళ్ళూ ఒకే పని చేశాయి. నాకు ఇప్పటికీ ఇది నమ్మబుద్ధి కాని విషయం.

చెయ్యి అనే మాట నన్ను చాలా రోజులు సతాయించింది. దాని పాత రూపం కై, అంటే కయ్ లాంటిది. అందులో క పక్కన ఉన్నది అ. మరి ఎందుకు మారింది? ముందు ఆ అ పక్కనున్న యకారం వల్ల ఎ అయింది, ఎ అయ్యాక క మారింది అని చదివినప్పుడు, బస్టాండులో నిలబడి ఉన్నదాన్ని, గట్టిగా "ఓహో" అన్నాను. పక్కనామె బిడ్డను అవతలి చంకకు మార్చుకుంది. మార్పులకు వరస ఉంటుందన్న మాట. ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో మాటను పట్టి చెప్పవచ్చు.

ఆ మార్పు తగలని మాటలు ఇంకా ఇష్టం నాకు. కింద అంటాం కదా, అది చింద ఎందుకు కాలేదు? ఒకప్పుడు అది క్రింద. క కీ ఇ కీ మధ్య రకారం అడ్డం ఉంది. రకారం జారిపోయేనాటికి ఆ మార్పు కాలం ముగిసింది. కిటికీ, కిరాయి, కేసు వీటికి ఇంకో కారణం. ఇవి తర్వాత వచ్చినవి. వచ్చేసరికి ఆ నియమం లేదు, దాని గుర్తులే ఉన్నాయి. గిన్నె, గెలుపు లాంటి మాటల దగ్గర మాత్రం నా లెక్క తప్పుతుంది. గ కూడా జ కావాలి కదా అని తన్నుకున్నాను. తేల్చుకోలేదు.

ఇవన్నీ ఆయనకు చెప్పేదాన్ని. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పగలంతా స్తంభాలెక్కి వచ్చి కాళ్ళు చాపుకుని వినేవాడు. అన్న పక్కన నిలబడితే త మెత్తబడి తమ్ముడు దమ్ముడైపోతాడు, అన్నదమ్ములు, చూశావా, తల్లి పక్కన తండ్రి కూడా దండ్రే అని ఒకరోజు అన్నాను. "నిజమే, మా అన్న పక్కన నేనెప్పుడు మెత్తగనే ఉంట" అన్నాడు. అది నిజం. వాళ్ళన్న ముందు ఆయన గొంతు పెంచడం నేను చూడలేదు.

నిరుడు వానాకాలంలో ఆయన పోయాడు. జబ్బు, దవాఖానా, ఆ వివరాలు రాయను. ఆయన కోరుకున్నట్టే ఊరికి తీసుకుపోయి, ఊరి అవతల వాళ్ళ నాన్నను, అమ్మను పెట్టిన చోటే పెట్టారు. వాళ్ళ కుటుంబంలో చనిపోయిన మనిషి పేరున కొన్నాళ్ళకు ఒక రాయి పాతుతారు. ఎప్పుడు, ఎట్లా అన్నది ఇంటి పెద్ద చెబుతాడు. ఇంటి పెద్ద ఇప్పుడు ఆయన అన్న, నాకు బావ.

మాకు పిల్లలు లేరు. ఖమ్మం తిరిగి వచ్చాక నన్ను తొలిచింది ఒక్కటే. ఆయన లేని ఆ ఇంటికి నేనేమవుతాను? రాయి పాతే రోజున నన్ను పిలుస్తారు, సందేహం లేదు. మంచివాళ్ళు. పిలిచి మంచం వేసి కూర్చోబెట్టి, ముందుగా అన్నం పెట్టి, బస్సు టైముకు ఆటో ఎక్కిస్తారు. చుట్టాన్ని అట్లాగే చూస్తారు. పెళ్ళయినప్పటినుంచి నన్ను అట్లాగే చూశారు. ఆ ఇంట్లో నేను ఏనాడూ నీళ్ళబిందె ఎత్తలేదు, ఎత్తనివ్వలేదు. ఆయన పక్కన ఉన్నప్పుడు నాకది మర్యాదగానే తోచింది. ఇప్పుడు చుట్టంలా పోయి నా భర్త రాయి చూసి రావడం నాకు చేతకాదనిపించింది.

ఇప్పపువ్వు రాలే కాలానికి సంచి సర్దుకుని, భద్రాచలం పోయే బస్సెక్కి, మధ్యలో దిగి ఆటోలో ఊరికి పోయాను. పిలవకుండా పోవడం అదే మొదటిసారి. బావ వాకిట్లో తాడు పేనుతున్నాడు.

"ఏందమ్మా, ఒక్కదానివే వచ్చినవా? బస్సుల సీటు దొరికిందా?" అన్నాడు తెలుగులో, ఎప్పటిలాగే.

"దొరికింది బావా. చెవి ఎట్లుంది ఇప్పుడు?"

"ఒకటి మంచిగ ఇనబడుతది. రెండోదాంతోని పనిలేదు, మీ అక్క మాటలకు ఒక్కటే ఎక్కువ."

మా అక్క అంటే బావ భార్య, నా తోడికోడలు. లోపలినుంచి ఆమె ఏదో కోయలో అంది, ఆయన నవ్వాడు. ఏమందో నాకు తెలియలేదు. అప్పుడే అనుకున్నాను, ఇది నేర్చుకుని మరీ పోతాను అని.

తెల్లవారకముందే అక్కతోపాటు ఇప్పచెట్ల కిందికి పోయేదాన్ని. చెట్టు కింద ఊడ్చి శుభ్రం చేసి ఉంచుతారు, రాలిన పువ్వు కనపడేలా. ఎండ ఎక్కకముందే ఏరాలి. మొదటిరోజు ఆమె నా చేతిలోని బుట్ట లాక్కుంది. రెండోరోజు ఊరుకుంది. వంగి ఏరుతూ ఒక్కొక్క మాటా అడిగేదాన్ని. నీళ్ళను వాళ్ళు ఏరు అంటారు. మనం ఏరు అంటే వాగు అనుకుంటాం, వాళ్ళకు చెంబులో ఉన్నదీ ఏరే. ఇల్లంటే లోను. మన 'లోపల' అన్న మాటలోని లో నే అది. ఇట్లాంటివి దొరికినప్పుడల్లా నేను నడుం ఎత్తి నిలబడిపోయేదాన్ని.

"మల్ల నిలబడె! చెల్లె, పువ్వు ఏరనీకె వచ్చినవా, మాటలేరనీకె వచ్చినవా?"

"రెండూ అక్కా."

"రెండోదే మస్తు ఏరినవ్. బుట్ట జూడు, అడుగు గూడ నిండలే."

నాలుగు మాటలు రాగానే నాకు పొగరు వచ్చింది. తెలుగులో చి ఉన్న చోట కి పెడితే కోయ అవుతుందని నా లెక్క. ఒక చింతచెట్టు చూపించి, "కింత" అన్నాను. అక్క బుట్ట కింద పెట్టి నవ్వింది. పక్క చెట్టు కింద ఉన్నవాళ్ళకు కేకేసి చెప్పింది. వాళ్ళు ఇంకో చెట్టువాళ్ళకు చెప్పారు. చింతలో ఉన్నది మొదటినుంచీ చకారమే, క నుంచి వచ్చింది కాదు. వెనక్కి పోవడానికి అక్కడ దారి లేదు. ఇది నాకు చదివి తెలిసిన సంగతే, తొందరలో మరిచిపోయాను. ఆ వారమంతా నన్ను చూసిన పిల్లలందరూ "కింత, కింత" అని అరుస్తూ పరిగెత్తారు.

అయినా నేను ఆపలేదు. ఒక వాక్యం కోసం పనిచేస్తున్నాను. రాయి ఎప్పుడు పాతుదాం, ఆ రోజు పని నేనూ చేస్తాను, ఇంతే దాని అర్థం. దీన్ని బావకు కోయలో చెప్పాలి. తెలుగులో అడిగితే చుట్టం అడిగినట్టుంటుంది, ఆయన భాషలో అడిగితే ఇంటిమనిషి అడిగినట్టుంటుంది అని నా ఆలోచన. మొత్తం వాక్యం ఒకేసారి అడిగితే అక్కకు తెలిసిపోతుందని ముక్కలుగా అడిగాను. ఒకరోజు రాయి, ఒకరోజు ఎప్పుడు, ఒకరోజు చేస్తాను. వాగు దగ్గర బట్టలు ఉతుకుతూ నోటికి వచ్చేదాకా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం బావ అన్నం తినడానికి కూర్చున్నాడు. అక్క కూర వడ్డిస్తోంది. నేను గడప దగ్గర నిలబడి, ఆయన ముఖం చూసి, తడబడకుండా ఆ వాక్యం మొత్తం చెప్పాను.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. బావ తల పక్కకు తిప్పుకున్నాడు. ముద్ద కంచంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా బయటికి పోయాడు.

"ఓ యమ్మ, ఎంత పని జేస్తివి చెల్లె" అని అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆయన వెనకే పోయింది.

నేను అక్కడే కూర్చున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం మొదలుపెట్టాను. ఏ మాటైనా తప్పు పలికానా, ఏదైనా బూతుగా వినిపించిందా అని ముక్కముక్కా విడదీసి చూసుకున్నాను. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అట్లాగైతే తప్పు అడగడంలోనే ఉంది. రాయి గురించి అడగడానికి నేనెవరు? ఆ రోజంతా బావ ఇంటికి రాలేదు. అక్క వచ్చి ఇంటిపని చేసుకుంది, నాతో ఎక్కువ మాట్లాడలేదు, మధ్యమధ్య నన్ను చూసి ముఖం తిప్పుకుంది. తెల్లవారాక నేను సంచి సర్దాను.

"యాడికి?" అంది అక్క.

"పొద్దుటి బస్సుకు పోత అక్కా. బావకు కోపం తెప్పించిన."

"కోపమా?" ఆమె గడప మీద కూలబడింది. అప్పుడు తెలిసింది, నిన్నటినుంచి ఆమె తిప్పుకుంటున్నది నవ్వు ఆపుకోవడానికని. "ఓ చెల్లె, ఊరంత తిరిగి జెప్పుకున్నడు, మా మరదలు కోయ మాట్లాడిందని. కల్లు తాగేకాడ జెప్పిండు, బోరింగు కాడ జెప్పిండు. నీకే జెప్పలేడు గద."

"ఎందుకు చెప్పలేడు?"

"తమ్ముని పెండ్లాం బావ మొకం జూసి మాట్లాడుతదా? బావ మరదలితోని మాట్లాడుతడా? మా ఇండ్లల్ల లేదు. నేను నా బావతోని, ఈయన పెద్దన్నతోని, ఆయన బతికినన్నొద్దులు ఒక్క మాట మాట్లాడలే. ఆయన పోయినంక ఏడ్సిన, గంతే."

"మరి ఇన్నేండ్లు నాతో మాట్లాడిండు గద?"

"గది తెలుగుల. తెలుగుల నువ్వు ఖమ్మమామెవు. ఖమ్మమామెకు మా కట్టుబాటేడిది? ఆఫీసరమ్మ వస్తే మాట్లాడమా, గట్లనే. నిన్న కోయల అంటివి. ఇగ కోడలివైతివి. అన్నం తినేటాయనకు సిగ్గు గాదా మరి?"

మా ఆయన ఈ సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. కిటికీ, కిరాయిలాగా నేనూ తర్వాత వచ్చిన మాటనే, ఆ ఇంటి నియమం నాకు తగల్లేదు. తగలనన్నాళ్ళూ అది ఉందనే నాకు తెలియలేదు. సంచి కింద పెట్టాను.

అప్పుడు తడిక అవతల బావ దగ్గిన చప్పుడు వినిపించింది. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. భార్యను పిలిచి, కోయలో, కొంచెం గట్టిగా మాట్లాడాడు. రాయి, నాన్న, అమ్మ అన్న మాటలు అందాయి. ఎటుపక్క అన్నది అందింది. అక్క నాకు తెలుగులో చెప్పబోతే ఆయన అవతలినుంచి ఆపాడు. మళ్ళీ అదే మాట, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్కటి విడదీసి అన్నాడు. పెసరకాయ ఏరే లోపల రాయి పాతుదాం, నాన్న రాయి పక్కనా, అమ్మ రాయి పక్కనా అని ఆమెను అడుగు.

నేను అక్క వైపు తిరిగి, "బావ ఏమనుకుంటుండు?" అన్నాను, కోయలోనే, ఉన్న మాటలు పోగుచేసుకుని.

తడిక అవతలినుంచి జవాబు అక్కకే వచ్చింది. చెప్పాల్సింది మరదలే, తను కాదు అని.

అమ్మ పక్కన అన్నాను.

రాయి పాతిన రోజు నాకెవరూ మంచం వేయలేదు. కోడళ్ళతో కలిసి నీళ్ళు మోసి రాయి కడిగాను. అన్నం అందరూ తిన్నాక తిన్నాను. నాకు కావలసింది దొరికింది. దానితో ఒకటి పోయింది, అది కూడా రాయాలి. మా ఆయన చిన్నతనం తెలిసిన మనిషి ఇప్పుడు బావ ఒక్కడే. ఆయనను ఎదురుగా కూర్చోబెట్టి తెలుగులో తీరికగా అడగగలిగిన రోజుల్లో నేను చెవిపోటు, బస్సు సీటు తప్ప ఏమీ అడగలేదు. ఇప్పుడు అడగాలంటే మధ్యలో అక్క ఉండాలి. నేను నేర్చుకున్న కోయ అంతంతమాత్రం. ఆయన నాతో మళ్ళీ తెలుగు మాట్లాడడు.

ఆ సాయంత్రం వాకిట్లో అక్క చాటలో బియ్యం చెరుగుతోంది. బావ ఆవలి గోడకు ఆనుకుని వీపు మాకు తిప్పి కూర్చున్నాడు.

"అక్కా, చిన్నప్పుడు ఆయన ఎట్లుండెనో అడుగు" అన్నాను.

ఆమె అడగాల్సిన పని లేకుండానే ఆయన మొదలుపెట్టాడు, గోడ వైపు చూస్తూ. చాలాసేపు చెప్పాడు. ఎక్కడో చెట్టు, ఎక్కడో తేనె, వాళ్ళమ్మ తిట్లు, చెయ్యి, కాలు, మళ్ళీ వాళ్ళమ్మ. ఒకచోట ఆయనే నవ్వాడు. అక్క చెరగడం ఆపలేదు.

ఆయన ముగించాక నేను ఆమె ముఖం చూశాను.

"మంచిగుండెనట" అంది.

"గంతసేపు చెప్పింది గంతేనా అక్కా?"

"మిగతాది నువ్వు ఇన్నవ్ గద" అని చాట నా వైపు జరిపింది.